ఇంటి మొక్కకు ఎండ దారి

ఏలూరు జిల్లాలో డెల్టా పల్లం ముగిసి ఏజెన్సీ కొండలు మొదలయ్యే మెట్ట భూముల నడుమ ఉన్న జంగారెడ్డిగూడెం పట్టణం సుమారు 17.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మబ్బు లేని రోజున నడిమధ్యాహ్నం ఇక్కడ ఆరుబయట పడే వెలుతురు దాదాపు లక్ష లక్సులు ఉంటుంది. లక్సు అనేది వెలుతురును కొలిచే ప్రమాణం. ఒక కొవ్వొత్తి వెలుగు మీటరు దూరంలోని కాగితం మీద పడినప్పుడు ఆ కాగితం మీది వెలుతురు ఇంచుమించు ఒక లక్సు. సరిగ్గా అదే వేళకు, అదే వీధిలోని ఒక ఇంట్లో, కిటికీకి పదడుగుల ఎడంగా టీవీ బల్ల మీద పెట్టిన కుండీ దగ్గర కొలిచి చూస్తే వంద, రెండు వందల లక్సులకు మించి కనబడకపోవడం సాధారణం. గుమ్మానికి అవతలికీ ఇవతలికీ మధ్య అయిదు వందల నుంచి వెయ్యి రెట్ల తేడా ఉందన్నమాట. వెలుతురు తగ్గేకొద్దీ మనిషి కన్ను కనుపాపను విప్పుకొని, లోపలి పొర చురుకుదనాన్ని పెంచుకొని సర్దుకుపోతుంది కాబట్టి, పేపరు చదువుకోవడానికి వీలున్న గదిని ఇంటివారు వెలుతురున్న గదిగానే లెక్క వేస్తారు. ఆకు మాత్రం తన మీద పడిన కాంతితోనే ఆహారం తయారు చేసుకోవాలి. పడని కాంతిని కల్పించుకోలేదు.

ఇంట్లో మొక్క వాడిపోయినప్పుడు ఎరువు చాలలేదనీ, మట్టి మంచిది కాదనీ, నీళ్ళు తక్కువయ్యాయనీ అనుకోవడం, ఆ అనుమానంతో మరో చెంబెడు నీళ్ళూ మరో గుప్పెడు ఎరువూ వేయడం మామూలే. ఎక్కువ సందర్భాల్లో అసలు లోటు వెలుతురుది. ఆ లోటును తీర్చడానికి పుస్తకాల్లోనూ మొక్కల డబ్బాల మీదా అచ్చయ్యే సలహాలు చాలావరకు చలిదేశాల ఇళ్ళను దృష్టిలో పెట్టుకొని పుట్టినవి. దక్షిణపు కిటికీ అన్నిటికన్నా వెలుతురైనదనీ, ఉత్తరపు కిటికీ అన్నిటికన్నా చీకటిదనీ ఆ సలహాలు చెబుతాయి. లండన్‌కు అది నిజం. జంగారెడ్డిగూడేనికి ఏడాదిలో చాలా నెలలు నిజమే గాని, మిగిలిన మూడు నెలల్లో కొంత కాదు, పూర్తిగా తలకిందులు. గోదావరి జిల్లాల ఇంట్లో మొక్క ఎక్కడ బతుకుతుందో తెలియాలంటే ఇక్కడి ఆకాశంలో సూర్యుడు నడిచే దారినీ, ఆ ఎండను తప్పించుకోవడానికి ఇక్కడివారు ఇళ్ళు కట్టుకున్న తీరునూ కలిపి చూడాలి.

ఇళ్ళ సంగతి ముందు చూడడం మంచిది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ ఉన్న ప్రాంతంలో ఇల్లు కట్టేవారి మొదటి చింత వేడిని బయట ఆపడమే కాబట్టి, వెలుతురు ఆ వేడితో పాటే బయట ఆగిపోయింది. పాత మండువా లోగిళ్ళలో గదులు చీకటిగా ఉన్నా, నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన మండువా ద్వారా పైనుంచి వెలుతురు దిగేది. దాని చుట్టూ ఉన్న వసారాలో కుండీ పెడితే రోజంతా నేరుగా ఎండ సోకకుండానే నిండైన వెలుతురు అందేది. ఇప్పటి డాబా ఇళ్ళకూ అపార్టుమెంట్లకూ ఆ సదుపాయం లేదు. పక్కింటి గోడ నాలుగడుగుల దూరంలో ఉండటం, కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్, దాని కింద ఊచలు, ఊచల వెనక దోమతెర, దాని వెనక రంగు అద్దం, ఆ అద్దానికి కర్టెను, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వెలుతురును తగ్గించుకుంటూ పోతాయి. దోమతెర మీద ఏడాది పాటు పేరుకున్న దుమ్మును తడిగుడ్డతో తుడిచి చూస్తే చాలు, గది ఎంత మారుతుందో కంటికే తెలుస్తుంది. కన్ను పట్టుకోగలిగినంత మార్పు వచ్చిందంటే ఆకుకు అందేది ఇంకా ఎక్కువే మారిందని అర్థం. గోడల రంగు కూడా చిన్న విషయం కాదు. తెల్లని సున్నం వేసిన గోడ తన మీద పడిన వెలుతురులో చాలా భాగాన్ని తిరిగి గదిలోకి పంపుతుంది, ముదురు నీలమో ముదురు ఆకుపచ్చో వేసిన గోడ దానిని మింగేస్తుంది.

ఇక ఎండ దారి. భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి ఉండటం వల్ల సూర్యుడు ఏడాదిలో ఆరు నెలలు ఉత్తరానికి, ఆరు నెలలు దక్షిణానికి జరుగుతున్నట్టు కనిపిస్తాడు; ఉత్తరాయణ దక్షిణాయనాలని పిలిచేది ఈ కదలికనే. డిసెంబరు 21, 22 తేదీల ప్రాంతంలో జంగారెడ్డిగూడెంలో నడిమధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఏడడుగుల ఎత్తున పై అంచు ఉన్న దక్షిణపు కిటికీని తీసుకుంటే, సన్‌షేడ్ లేని పక్షంలో ఆ రోజుల్లో మధ్యాహ్నపు ఎండ గచ్చు మీద దాదాపు ఆరడుగుల లోపలి దాకా వస్తుంది, రెండడుగుల సన్‌షేడ్ ఉంటే నాలుగడుగుల దగ్గర ఆగుతుంది. మార్చి 21 నాటికి సూర్యుడు 73 డిగ్రీల ఎత్తుకు చేరడంతో అదే ఎండ రెండడుగులకు కుంచించుకుపోయి, సన్‌షేడ్ ఉన్న ఇంట్లో కిటికీ మొదట్లోనే ఆగిపోతుంది. మే 8, 9 తేదీల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పాతిన గుంజకు ఆ మధ్యాహ్నం నీడ ఉండదు. ఆ తర్వాత అతను నడినెత్తిని దాటి ఉత్తరానికి వెళ్ళి, మళ్ళీ ఆగస్టు 4, 5 తేదీలకు గాని నడినెత్తికి తిరిగి రాడు. పంచాంగం లెక్కలో చెప్పాలంటే కృత్తిక కార్తె ప్రవేశించే రోజుల నుంచి ఆశ్లేష కార్తె ప్రవేశించే రోజుల దాకా, అంటే ఇంచుమించు మూడు నెలల పాటు, పొద్దున మొదలుకొని సాయంత్రం దాకా సూర్యుడు ఆకాశంలో ఉత్తర భాగంలోనే నడుస్తాడు. ఆ మూడు నెలలూ దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ పడదు. జూన్ 21 ప్రాంతంలో సూర్యోదయం సరిగ్గా తూర్పున కాక, తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా జరుగుతుంది, అస్తమయం కూడా పడమటికి అంతే ఉత్తరంగా ఉంటుంది. ఉత్తరపు కిటికీలోంచి ఉదయం, సాయంత్రం ఏటవాలుగా ఎండ వచ్చేది ఈ రోజుల్లోనే.

ఇందువల్ల తేలేది ఏమిటంటే, కుండీకి ఇంట్లో శాశ్వతమైన స్థానం అంటూ ఉండకూడదు. సంక్రాంతి నాటికి దక్షిణపు కిటికీ పక్కన మధ్యాహ్నపు ఎండలో కళకళలాడిన క్రోటన్ మొక్క, జూన్ నాటికి అదే చోట వెలిసిపోయి ఆకులు రాల్చుకుంటే, అక్కడ మారింది మొక్క కాదు, దాని మీద పడే వెలుతురు. జూన్ రెండో వారం తర్వాత నైరుతి రుతుపవనాల మబ్బు కూడా తోడవడంతో ఆ గది మరీ చీకటి పడుతుంది. దట్టమైన ముసురు రోజున ఆరుబయట వెలుతురే లక్ష నుంచి పది వేలకో అంతకన్నా తక్కువకో దిగిపోతుంది. ఉత్తరపు గదిలోని మొక్కది దీనికి ఎదురు కథ. శీతకాలమంతా నీడలోనే ఉన్న ఆ మొక్క లేత ఆకుల మీద మే నెల సాయంత్రపు ఎండ ఒక్కసారిగా పడితే, ఆ ఎండ కొద్దిసేపే అయినా మచ్చలు తప్పవు. తూర్పు కిటికీకి మాత్రం ఏడాది పొడవునా పెద్దగా మార్పు ఉండదు. పది గంటల లోపు ఎండలో వెలుతురు ఉంటుంది గాని గాలి ఇంకా వేడెక్కి ఉండదు కాబట్టి, చాలా రకాల ఇంటి మొక్కలకు ఇదే అన్నిటికన్నా నమ్మకమైన చోటు. పడమటి కిటికీలో పడే ఎండ కూడా అంతే బలమైనదే అయినా, అప్పటికి గోడలూ గాలీ కాగిపోయి ఉంటాయి గనుక మే నెలలో ఆ ఎండ ఆకుకు మేలు కన్నా చేటే ఎక్కువ చేస్తుంది. మనీప్లాంటును వాస్తు ప్రకారం ఆగ్నేయంలో ఉంచాలనే నమ్మకం ఈ ప్రాంతంలో బలంగా ఉంది. ఆ మూల గదికి కిటికీ ఉంటే ఇబ్బంది ఏమీ లేదు, లేకపోతే రెండు కుండీలు పెంచి పదిహేను రోజులకొకసారి ఒకదానిని వెలుతురులోకి మార్చుకుంటూ ఉండటం వల్ల నమ్మకమూ నిలుస్తుంది, మొక్కా నిలుస్తుంది.

వెలుతురు ఆకులో చేసే పనిని కనిపెట్టిన క్రమం కూడా ఇక్కడ తెలుసుకోదగ్గదే. నీళ్ళలో ముంచిన ఆకులు ఎండలో ఉన్నప్పుడే ప్రాణవాయువు బుడగలను వదులుతాయనీ, చీకట్లో వదలవనీ, మొక్కలోని ఆకుపచ్చ భాగాలకే ఆ శక్తి ఉందనీ 1779లో డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్ ప్రయోగాలతో చూపించాడు. ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితం సూర్యకాంతిలోని ఎరుపు, నీలం భాగాలను ఎక్కువగా పీల్చుకొని, ఆకుపచ్చ భాగంలో కొంత వదిలేస్తుంది. మనకు ఆకు పచ్చగా కనబడటానికి అదే కారణం. పీల్చుకున్న కాంతిశక్తి ఆకు కణాలలో మొదట మారేది ఏటీపీ అనే అణువుగా, దానితో పాటు పుట్టే మరో శక్తివాహక అణువుగా. ప్రాణికోటి అంతటిలోనూ శక్తిని పట్టి ఉంచి అవసరమైన చోట విడుదల చేసే ఈ ఏటీపీని కండరాలలో 1929లో గుర్తించినవారిలో భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేసిన ఏడాదే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నాడు. గోదావరి గడ్డ మీద పుట్టిన శాస్త్రవేత్త కండరంలో చూసిన ఆ అణువే కిటికీ పక్కన పెరిగే తీగ ఆకులోనూ ప్రతి ఉదయం వెలుతురు పడగానే తయారవుతుందని పాఠశాల పుస్తకాల్లో ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది. ఏటీపీ బలంతో ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి చక్కెరగా మారుస్తుంది. దీనినంతటినీ కలిపి కిరణజన్య సంయోగక్రియ అంటారు.

అయితే మొక్క చక్కెరను తయారు చేయడంతో పాటు ఖర్చు కూడా పెడుతుంది. వేరూ, కాండమూ, ఆకూ పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటాయి, ఆ శ్వాసకు చక్కెర కరుగుతూనే ఉంటుంది. వెలుతురు తగ్గుతూ పోయినప్పుడు ఆకు తయారు చేసేదీ ఖర్చు పెట్టేదీ సరిసమానమయ్యే ఒక మట్టం వస్తుంది. దానిని శాస్త్రజ్ఞులు కాంతి పరిహార బిందువు అంటారు. రాబడీ ఖర్చూ సరిపోయే సంసారంలో అప్పు లేకపోయినా కొత్త వస్తువు ఇంటికి రానట్టు, ఆ మట్టంలో మొక్క చావదు, పెరగదు. రాత్రి ఖర్చును కూడా లెక్కలోకి తీసుకుంటే పగటిపూట వెలుతురు ఆ మట్టానికి బాగా పైన ఉండాలి. అంతకన్నా కింద ఉంటే మొక్క కాండంలో, వేరులో దాచుకున్న నిల్వను తింటూ కాలం గడుపుతుంది. స్నేక్‌ప్లాంట్, జీజీ ప్లాంట్ వంటివి దుంపల్లో, మందపాటి ఆకుల్లో నీటినీ ఆహారాన్నీ దాచుకుంటాయి గనుక చీకటి మూలలో నెలల తరబడి చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. వెలుతురు అక్కర్లేని మొక్కలని వాటికి పేరు రావడానికి కారణం ఇదే. ఆ పేరు సరైనది కాదు. అవి నెమ్మదిగా నష్టపోతున్నాయి, ఆ నష్టం కనబడటానికి సమయం పడుతుంది, అంతే. వెలుతురు అక్కర్లేని పచ్చని మొక్క ఏదీ లేదు.

ఇళ్ళలో పెంచడానికి ఎంపికైన మొక్కలన్నిటికీ కొంత నీడను ఓర్చుకునే గుణం ఉండటానికి వాటి పుట్టిళ్ళు కారణం. మనీప్లాంట్ పసిఫిక్ మహాసముద్రంలోని ఫ్రెంచి పాలినీషియా ద్వీపాలది, స్నేక్‌ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికాది, జీజీ తూర్పు ఆఫ్రికాది, అగ్లోనిమా ఆగ్నేయాసియాది, అరెకా పామ్ మడగాస్కర్‌ది, రబ్బరు మొక్క మన ఈశాన్య రాష్ట్రాలలోని అడవిది. వీటిలో చాలావరకు పెద్ద చెట్ల కింద, కొమ్మల సందుల్లోంచి రాలిన వెలుతురుతో పెరిగినవి. దట్టమైన ఉష్ణమండల అడవి అడుగున నేలకు చేరేది పైనుండే వెలుతురులో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. అయినా లక్షలో అది వెయ్యి, రెండు వేల లక్సులవుతుంది, పైగా ఆకులు కదిలినప్పుడల్లా కొన్ని క్షణాల పాటు నిలువెండ మచ్చలుగా వచ్చి పడుతుంది. అంటే అడవిలోని గాఢమైన నీడ సైతం మన నట్టింటి వెలుతురుకు పదింతలు. నీడను పంటగా మార్చుకునే విద్య ఈ ప్రాంతపు రైతులకు కొత్త కాదు. కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో వరసల నడుమ కోకోను అంతరపంటగా వేసి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే కోకో దిగుబడిలో ముందుకు రావడానికీ, తమలపాకు తీగను అవిసె మొక్కల నీడన పాకించి లేత ఆకు తీయడానికీ వెనక ఉన్న తెలివి ఒకటే: ఏ మొక్కకు ఎంత ఎండ చాలో తెలిసి, మిగిలిన ఎండను పైచెట్టుకు ఇవ్వడం. తోటలో ఇంత జాగ్రత్తగా ఎండను పంచే ఇంట్లోనే హాలులోని కుండీకి ఆ లెక్క వర్తించకపోవడం విచారకరం.

జంగారెడ్డిగూడెం ప్రాంతపు ఇళ్ళకు వచ్చే అలంకరణ మొక్కలకు పెద్ద ఆధారం గోదావరికి అవతల ఉన్న కడియం నర్సరీలు. కొయ్యలగూడెం, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా రాజమహేంద్రవరం వంతెన దాటి కడియం, కడియపులంక వెళ్తే రోడ్డుకు రెండు వైపులా ఆకుపచ్చ, నలుపు షేడ్‌నెట్ పందిళ్ళు కనిపిస్తాయి. ఈ నెట్ల మీద చెప్పే 50 శాతం, 75 శాతం అనే అంకెలు అవి ఆపే ఎండ పాలును సూచిస్తాయి. 75 శాతం నెట్ కింద కూడా మిట్టమధ్యాహ్నం మొక్కకు ఇరవై వేల లక్సులకు పైగానే అందుతుంది. అక్కడ నిగనిగలాడుతూ పెరిగిన మొక్కను వ్యాను ఎక్కించి తెచ్చి, ఆ సాయంత్రమే రెండు వందల లక్సుల మూలలో పెట్టినప్పుడు దాని వెలుతురు ఒక్క రోజులో వందో వంతుకు పడిపోతుంది. ఎక్కువ వెలుతురులో పుట్టిన ఆకు మందంగా ఉండి శ్వాసకు ఎక్కువ ఖర్చు చేస్తుంది, నీడలో పుట్టిన ఆకు పలచగా, వెడల్పుగా ఉండి తక్కువ కాంతిని ఎక్కువ పొదుపుగా వాడుకుంటుంది. పాత ఆకు తన కట్టడాన్ని పెద్దగా మార్చుకోలేదు కాబట్టి మొక్క దానిని పసుపు పచ్చగా మార్చి రాల్చేసి, కొత్త చోటుకు తగిన ఆకును వేసుకోవడానికి ప్రయత్నిస్తుంది. కొన్న పదిహేను రోజులకే ఆకులు రాలడాన్ని నర్సరీవాళ్ళ మోసంగా అనుకోవడం చాలా ఇళ్ళలో జరుగుతుంది గాని, తప్పు చాలాసార్లు ఆ తొందర మార్పుదే. తెచ్చిన మొక్కను మొదటి రెండు వారాలు వరండాలో, తర్వాత రెండు వారాలు కిటికీ పక్కన ఉంచి, ఆపైన లోపలికి జరిపితే రాలే ఆకులు బాగా తగ్గుతాయి. లోపలి నుంచి డాబా మీదికి మార్చేటప్పుడూ ఇదే నెమ్మది కావాలి. అప్పుడు దశలు ఇంకా చిన్నవిగా ఉండాలి.

వెలుతురు చాలడం లేదన్న సంగతిని మొక్క స్పష్టంగానే చెబుతుంది. మనీప్లాంట్ తీగను చేతిలోకి తీసుకొని మొదలు నుంచి కొస దాకా వేలితో తడుముతూ పోతే, కొన్న రోజుల్లో వచ్చిన భాగంలో కణుపుకూ కణుపుకూ మధ్య రెండు అంగుళాల ఎడం ఉండి, తర్వాత గదిలో పెరిగిన భాగంలో అది మూడు, నాలుగు అంగుళాలకు సాగి ఉండటం తెలుస్తుంది. కాండం సన్నబడుతుంది, ప్రతి కొత్త ఆకూ ముందు ఆకు కన్నా చిన్నదవుతుంది, పసుపు చారలు మాయమై ఆకు మొత్తం ఒకే పచ్చగా మారుతుంది. చారలున్న చోట పత్రహరితం తక్కువగా ఉంటుంది, అందువల్ల ఆహారం కరువైన మొక్కలో పూర్తిగా పచ్చనైన కొమ్మలే ముందుకు సాగి, చారల కొమ్మలు వెనకబడిపోతాయి. కణుపుల మధ్య సాగుదల కూడా ఒక ప్రయత్నమే. పైనెక్కడో వెలుతురు ఉందన్న ఆశతో మొక్క ఆకులకు పెట్టవలసిన బలాన్ని పొడవుకు పెడుతుంది. కాండం వెలుతురు వైపు వంగడాన్ని కాంత్యనువర్తనం అంటారు. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల కొసకు చిన్న తొడుగులు తొడిగి, కొస మూసినప్పుడు మొలక వంగదనీ, వెలుతురును గుర్తించేది కొస, వంగేది దాని కింది భాగమనీ 1880లో ప్రకటించారు. కొస నుంచి కిందికి దిగే ఆ సందేశం ఆక్సిన్ అనే రసాయనమని 1928లో ఫ్రిట్స్ వెంట్ నిరూపించాడు. ఆక్సిన్ నీడ వైపుకు ఎక్కువగా చేరి ఆ వైపు కణాలను సాగదీయడం వల్ల కాండం వెలుతురు వైపు ఒరుగుతుంది. వారానికొకసారి కుండీని పావు వంతు తిప్పితే మొక్క నిటారుగా పెరుగుతుంది, అయితే వంపు మరీ త్వరగా వస్తుంటే తిప్పడం కన్నా చోటు మార్చడమే సరైన మందు.

ఎండ ఎక్కువైనప్పటి గుర్తులు వేరు. ఆకు మీద ఎండ తగిలిన భాగం మాత్రమే ముందు వెలిసి, తర్వాత గోధుమ రంగులో ఎండి కాగితంలా పెళుసవుతుంది. పక్క ఆకు నీడ పడిన భాగం పచ్చగానే మిగిలి, నీడ అంచు గీసినట్టు కనిపిస్తుంది. తెగులు మచ్చలు ఇలా నీడ అంచును అనుసరించి రావు. నీడ మొక్కల ఆకులు పూర్తి ఎండలో పదో వంతు, అయిదో వంతు దగ్గరే తమ శక్తి మేరకు పనిచేస్తాయి, ఆపైన పడే కాంతి వాటికి భారమై పత్రహరితాన్ని చెడగొడుతుంది. తులసి, మందారం, మల్లె, కరివేపాకు, చామంతి ఈ కోవలోకి రావు. వాటికి రోజుకు నాలుగు నుంచి ఆరు గంటల నేరెండ కావాలి, అవి వాకిట్లోనో డాబా పిట్టగోడ పక్కనో ఉండవలసినవే గాని హాలులో ఉండవలసినవి కావు. తులసికోటను ఆరుబయట కట్టిన పెద్దల ఆచారం ఆ మొక్క స్వభావానికి చక్కగా సరిపోయింది. ఫ్లాటులో చోటు లేక దానిని పూజగదిలో పెట్టి, రెండు నెలలకొక మొక్క మారుస్తూ బాధపడేవారు తూర్పు బాల్కనీ దొరికితే ముందు దానిని తులసికే కేటాయించాలి.

వెలుతురును కొలవడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. మొబైల్ ఫోనులో వెలుతురును గ్రహించే చిన్న భాగం ఉంటుంది, లక్సులు చూపే ఉచిత యాప్‌లు దానిని వాడుకుంటాయి; ఒక్కో ఫోనుకు అంకె కొంత అటూ ఇటూ అయినా, ఒకే ఫోనుతో ఇంట్లోని నాలుగు చోట్లను పోల్చడానికి అవి చాలు. ఫోను కూడా అక్కర్లేని పద్ధతి నీడను చూడటం. మధ్యాహ్నం వేళ కుండీ పెట్టదలచిన చోట తెల్ల కాగితం పరిచి, దాని మీద అడుగు ఎత్తున చెయ్యి పెడితే, వేళ్ళు విడివిడిగా తెలిసే నీడ పడే చోట పూల మొక్కలు తప్ప దాదాపు అన్ని ఇంటి మొక్కలూ పెరుగుతాయి. చెయ్యి ఆకారం మాత్రమే మసకగా తెలిసే చోట మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీ, అగ్లోనిమా పెరుగుతాయి. నీడే పడని చోట ఏదీ పెరగదు, కొన్ని కొంతకాలం నిలుస్తాయి. అంకెల్లో చెప్పాలంటే ఆకు అందం కోసం పెంచే నీడ మొక్కలకు పగలంతా వెయ్యి నుంచి మూడు వేల లక్సులు, రబ్బరు మొక్కకూ క్రోటన్‌కూ అయిదు వేలకు పైన అందేలా చూడటం మేలు. అక్షరాల్లో ఇది పెద్ద పనిలా ఉంటుంది గాని, చేతల్లో కుండీని బల్ల మీది నుంచి కిటికీకి రెండడుగుల దగ్గరికి జరపడం మాత్రమే. కిటికీ నుంచి ఒక్కో అడుగు వెనక్కి వెళ్ళేకొద్దీ మొక్కకు కనిపించే ఆకాశపు ముక్క చిన్నదవుతుంది. మొక్క ఉన్న చోట కూర్చొని చూసినప్పుడు ఆకాశం అసలే కనబడకపోతే ఆ చోటు మొక్కకు పనికిరాదు.

వెలుతురుతో నీళ్ళ లెక్క కూడా మారుతుంది. ఆకు ఎంత పనిచేస్తే అంత నీరు పీల్చుతుంది, చీకటి గదిలో కుండీ మట్టి పది రోజులైనా ఆరదు. వానకాలంలో ముసురు పట్టినప్పుడు కూడా వేసవి అలవాటు ప్రకారం రోజూ నీళ్ళు పోస్తే వేర్లకు గాలి అందక కుళ్ళిపోతాయి. పైకి మాత్రం ఆకు వాలిపోయి దాహం వేసినట్టే కనిపిస్తుంది, దానిని చూసి ఇంకా నీళ్ళు పోస్తారు. ఇంట్లో మొక్కలు చనిపోయే దారుల్లో ఇదే అన్నిటికన్నా ఎక్కువ మంది నడిచినది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి తడి తెలియనప్పుడే నీళ్ళు పోయాలి.

కిటికీ లేని గదిలో మొక్క కావాలనుకునేవారికి దీపాలు ఉన్నాయి. మామూలు తెల్లని ఇరవై వాట్ల ఎల్‌ఈడీ ట్యూబును ఆకులకు అడుగు ఎత్తున బిగిస్తే రెండు వేల లక్సులకు పైగా వెలుతురు వస్తుంది, దానిని రోజుకు పన్నెండు గంటలు వెలిగిస్తే నీడ మొక్కలకు సరిపోతుంది. గులాబీ రంగు గ్రోలైట్లే కొనాలన్న నియమం లేదు. అదే ట్యూబు గోడ మీద ఎనిమిది అడుగుల ఎత్తులో ఉంటే కింది కుండీకి అందేది వందల్లోకి పడిపోతుంది, మనుషుల కోసం వేసిన దీపం మొక్కకు చాలదని అనడానికి కారణం ఈ దూరమే. రాత్రంతా దీపం వెలగడం మాత్రం మంచిది కాదు. మొక్కలు వెలుతురు పరిమాణాన్నే కాక రాత్రి నిడివిని కూడా లెక్కపెడతాయి, ఆ సంగతికి దారి చూపింది పొగాకు మొక్క. వర్జీనియా పొగాకు వేలం కేంద్రాలున్న జంగారెడ్డిగూడేనికి ఇది దగ్గరి విషయం. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు మేరీల్యాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవి పొలంలో పూయకుండా నిలువెత్తు పెరగడాన్ని చూసి, దానిని రోజులో కొన్ని గంటలు చీకటి గదిలో ఉంచి పూయించారు. పగటి నిడివి పూతను నిర్ణయిస్తుందని 1920లో ప్రకటించారు. రాత్రి పొడవుగా ఉంటేనే పూసే ఇటువంటి వాటిని హ్రస్వ దీప్తికాల మొక్కలంటారు. మన చామంతి అటువంటిదే. జంగారెడ్డిగూడెంలో పగలు జూన్‌లో సుమారు 13 గంటలు, డిసెంబరులో 11 గంటలు. ఈ రెండు గంటల తేడాను పట్టుకొనే చామంతి శీతకాలంలో మొగ్గ తొడుగుతుంది. రాత్రి నడుమ వంద లక్సుల పాటి వెలుతురు పడినా మొక్క ఆ పొడవైన రాత్రిని రెండు చిన్న రాత్రులుగా లెక్కగట్టి మొగ్గ వేయడం మానుకుంటుంది. గేటు పక్కన వీధి దీపం కిందనో, రాత్రంతా వెలిగే పోర్టికో బల్బు కిందనో ఉన్న చామంతి కుండీ పెరటి కుండీ కన్నా ఆలస్యంగా పూయడానికీ, దీపం వైపు కొమ్మలు పూయకుండా అవతలి వైపు కొమ్మలు పూయడానికీ ఇదే కారణం. అటువంటి కుండీని సెప్టెంబరు చివరికల్లా దీపం పడని పెరటి వైపుకో డాబా మీదికో చేర్చి, మొగ్గలు రంగు చూపించాక మళ్ళీ వాకిట్లోకి తెచ్చుకోవచ్చు.